డిగ్రీ అయ్యాక మొత్తం ఒకేసారి

కెజియాను అసహ్యించుకోవడానికి మేదిని దగ్గర నలభై ఏడు కారణాలున్నాయి. ఊరికే మనసులో పెట్టుకున్నవి కావు. నల్ల అట్ట పుస్తకంలో నంబర్లు వేసి, తేదీలు వేసి, ఒక్కోదాని కింద స్కేలు పెట్టి గీత గీసినవి. ఏడో కారణం: కుళాయి దగ్గర కాలు జారి పడితే అందరికంటే ముందు పకపకా నవ్వింది. పంతొమ్మిది: సైన్సు నోట్సు అడిగితే, "డిగ్రీ చదివే దానివి, నీకు మా నోట్సు ఎందుకులే" అంది. ముప్పై ఒకటి అన్నిటికంటే ఘోరం. తొమ్మిదో తరగతిలో ఒకరోజు మేదినిని సైన్సు గదిలోకి నెట్టి బయట గడియ పెట్టేసింది. పీరియడ్ పొడుగునా ఆ చీకటి గదిలో అస్థిపంజరం బొమ్మ పక్కన నిలబడి తలుపు బాదితే అరచేతులు వాచిపోయాయి.

ఆ పుస్తకం పెట్టమన్నది తల్లి ఉమాభారతి. రోజూ చదువుకి కూర్చోబోయే ముందు అందులోంచి ఒక కారణం చదవాలి. "నిన్నెవరు తక్కువ చేశారో తలుచుకో. అప్పుడు పుస్తకం ముట్టుకో. కసి లేకపోతే చదువు ఎక్కదే" అనేది ఆవిడ. గుంటూరులో ఇదేమీ వింత మాట కాదు. ఆ ఊళ్ళో మిరపకాయల తరువాత ఎక్కువగా పండించేది కసే. కాకపోతే మిగతా తల్లులు మాటలతో సరిపెట్టుకునేవారు. ఉమాభారతి దగ్గర మిషను కూడా ఉంది.

మేదిని పదో తరగతి చదువుతూనే డిగ్రీ మూడో ఏడాది లెక్కలు చదువుతోంది. జోడు చదువు అని దానికి పేరు. పొద్దున హైస్కూలు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు డిగ్రీ కాలేజీ. పదో తరగతి పరీక్షలు అప్పటికే అయిపోయాయి, ఫేర్‌వెల్ దాకా బడికి రమ్మన్నారు. డిగ్రీ ఆఖరు పరీక్ష ఇంకా పదకొండు రోజుల్లో ఉంది. అది గట్టెక్కితే పదిహేనేళ్ళ ఐదు నెలలకే పట్టభద్రురాలు. పేపర్లో ఫోటో గ్యారంటీ.

బుధవారం పొద్దున, బడి గేటు దాటుతుండగానే కెజియా ఎదురొచ్చింది. చేతిలో గులాబీ రంగు స్లామ్ బుక్కు. ఎల్లుండే ఫేర్‌వెల్. పదో తరగతి పిల్లలంతా ఒకళ్ళ పుస్తకాల్లో ఒకళ్ళు తెగ రాసేసుకుంటున్నారు.

"ఇదిగో, నువ్వొక్కదానివే మిగిలావు. రాసియ్యి" అంది కెజియా.

"నాకు టైం లేదు."

"మధ్యాహ్నం అడిగితే నవ్వుకుంటా రాస్తావని నాకు తెలుసులేవే. కానీ పొద్దున రాయించుకోవాలని నా పంతం. రెండేళ్ళ నుంచీ చూస్తున్నా. పొద్దున్నే నా మీద ఒంటికాలి మీద లేస్తావు. అన్నాల టైముకి దారికొస్తావు. మళ్ళీ తెల్లారితే మామూలే. రోజూ నిన్ను మొదట్నుంచీ మచ్చిక చేసుకోలేక చస్తున్నా. ఈ ఒక్కరోజు పొద్దున్నే మంచిగా ఉండు. ఉండవా, ఇంక నీ మొహం చూడను. సోమవారం నేను నెల్లూరు హాస్టల్‌కి వెళ్ళిపోతున్నా."

మధ్యాహ్నం నవ్వడమేమిటి? ఈ పిల్ల ఏం వాగుతోందో మేదినికి అర్థం కాలేదు. ఒళ్ళు మండింది. పుస్తకం లాక్కుని గేటు పక్క అరుగు మీద కూర్చుంది. పేజీలో ప్రశ్నలు అచ్చు వేసి ఉన్నాయి. నాతో గడిపిన మంచి రోజు? 'ఒక్కటీ లేదు' అని రాసింది. నాలో నీకు నచ్చనిది? 'నీ నవ్వు. వింటే కడుపులో తిప్పుతుంది.' నాకో మాట? 'మళ్ళీ నా కంటబడకు.' అబద్ధం ఒక్క ముక్క కూడా రాయలేదు. వెతికి వెతికి, తనకు గుర్తున్నదే రాసింది.

కెజియా అక్కడే నిలబడి చదివింది. ముందు నవ్వబోయి, మళ్ళీ చదివింది. పుస్తకం మూసి, బ్యాగులో పెట్టుకుని, జిప్పు లాగి వెళ్ళిపోయింది. ఆ రోజు అన్నాల బెల్లు కొట్టినా మేదిని బెంచీ దగ్గరికి ఎవరూ రాలేదు. మేదిని ఒక్కతే డబ్బా విప్పుకుని, వంకాయ కూర తింటూ, నలభై ఎనిమిదో కారణం ఏం రాయాలా అని ఆలోచించింది.

సాయంత్రం నాలుగున్నరకు అమరావతి రోడ్డులోని ల్యాబుకి వెళ్ళింది. తల్లి పనిచేసేది అక్కడే. టెక్నీషియన్ సుభానీ మిషను పట్టీ తీసి ఆమె తలకు బిగించాడు. సుభానీకి యాభై ఏళ్ళుంటాయి, పాతికేళ్ళుగా ఆస్పత్రుల్లో స్కానింగులు తీసి తీసి ఇక్కడ తేలాడు. చెవుల వెనక కాస్త వెచ్చగా అనిపిస్తుంది, అంతే. పాలు కాగితే మీగడ పైకి తేలినట్టు, ఆ రోజు పొందిన సంతోషం, దానితో పాటు ఆ సంతోషం కలిగించిన సంగతీ పైకి తేలతాయి. పట్టీ వాటిని తీసి పక్కనున్న స్టీలు డబ్బాలోకి పంపిస్తుంది. డబ్బాకి పెద్ద పేరే ఏదో ఉంది గానీ ల్యాబులో అందరూ దాన్ని జాడీ అంటారు. ఆ తరువాత బుర్ర కడిగిన పలకలాగా ఉంటుంది. ఆటల మీదికీ పాటల మీదికీ పోదు. సాయంత్రం చెప్పిన లెక్క చెప్పినట్టు అంటుకుంటుంది.

రెండేళ్ళ కిందట కాగితాల మీద సంతకం పెట్టేటప్పుడు ఉమాభారతి కూతురి గడ్డం పట్టుకుని మాటిచ్చింది. "ఎక్కడికీ పోవే. అన్నీ భద్రంగా ఉంటయ్. డిగ్రీ అయ్యాక మొత్తం ఒకేసారి ఎక్కిస్తా. వేసవి సెలవలన్నీ కూర్చుని నీ హైస్కూలంతా అనుభవించు. చదువూ దక్కుద్ది, సరదా దక్కుద్ది." పదమూడేళ్ళ పిల్లకు అంతకంటే మంచి బేరం ఎక్కడ దొరుకుతుంది? అప్పట్నుంచీ మేదిని రోజులకు చిల్లులు పడ్డాయి. మధ్యాహ్నం ఒక గంట ఉండదు. ఒక్కోరోజు రెండు గంటలు. అందులో ఏముండేదో ఆమె ఎన్నడూ పట్టించుకోలేదు. బొమ్మలు గీసుకుని ఉంటాను, పాటలు విని ఉంటాను అనుకునేది.

సుభానీ తెర వైపు చూసి, పట్టీ సర్దాడు. మళ్ళీ చూశాడు.

"ఏందమ్మా ఇది? ఇయ్యాళ ఏమీ రాలా. రెండేళ్ళలో ఇదే మొదటిసారి. ఆ పిల్ల బడికి రాలేదా ఏంది?"

"ఏ పిల్ల?"

సుభానీ నాలుక కరుచుకున్నాడు. కానీ మేదిని పట్టిందంటే వదిలే రకం కాదు. ఆ పట్టుదల కూడా తల్లి పెంచిందే. పట్టీ పీకి బల్ల మీద పడేసి, అతని ఎదురుగా నిలబడింది.

"ఏ పిల్ల బాబాయ్?"

"నేను చెప్పకూడదు పాపా. కాకపోతే జాడీ నీది. దాని తాళం నీ వేలిముద్ర. అడిగితే చూపించాలని మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. అడగొచ్చని మీ పిల్లలకి ఎవరూ చెప్పలా, అంతే."

"అడుగుతున్నా. చూపించు."

తెర మీద పట్టిక వచ్చింది. ఏ గంట ఎవరితో గడిచిందో మిషను తానే గుర్తించి పేరు తగిలిస్తుంది. మొత్తం ఆరొందల పదకొండు గంటలు. కుక్కపిల్ల, పన్నెండు. టీవీ, ముప్పై. లెక్కల మాస్టారు, నాలుగు. అమ్మ, ఏడు. ఇంకా చిల్లరమల్లర పేర్లు ఎన్నో. అన్నిటికంటే పైన, మిగతావన్నీ కలిపినా అందుకోలేనంత ఎత్తున, కెజియా. నాలుగొందల నలభై గంటలు.

మేదిని ముందు నమ్మలేదు. మిషను చెడిపోయిందంది. తరువాత సుభానీయే ఈ పేరు పెట్టి ఆట పట్టిస్తున్నాడని అరిచింది. ఆఖరికి బ్యాగులోంచి నల్ల పుస్తకం తీసి, ముప్పై ఒకటో కారణం తేదీ చూపించింది.

"ఈ రోజుది తియ్యి. ఈ రోజు నేను దాంతో ఎంత సంతోషంగా ఉన్నానో నేనూ చూస్తా."

"ఒక గంటది ఎక్కాలంటే ఒక గంట పడుద్ది. మేడమ్ మీటింగులోంచి వచ్చేస్తారేమో."

"రానీ" అంటూ మేదిని పట్టీ మళ్ళీ తలకి పెట్టుకుని, వేలు జాడీ మూత మీద ఆనించింది.

చీకటి గది. అరచేతుల్లో మంట. ఇంతవరకు ఆమెకు తెలిసిందే. తరువాత తలుపు తెరుచుకుంది. వెలుతురుతో పాటు సెక్షన్ మొత్తం లోపలికి దూసుకొచ్చింది. ఒకడు లైటు వేశాడు. అస్థిపంజరం నెత్తిన రంగు కాగితం టోపీ, మెడలో 'హ్యాపీ బర్త్‌డే మేదిని' అని రాసిన అట్ట. తను దాని పక్కనే గంటసేపు నిలబడి కూడా చూసుకోలేదు. అందరికంటే ముందు కెజియా. ఆ మొహంలో నవ్వు లేదు, నెత్తురు చుక్క లేదు. "ఏడ్చావా? ఐదు నిమిషాలే అనుకున్నానే. హెడ్మాస్టరు వరండాలో పట్టుకుని నిలబెట్టేశాడు. దేవుడి తోడు, కావాలని చెయ్యలా" అంటూ మేదిని చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని ఉఫ్ ఉఫ్ అని ఊదింది. వాళ్ళమ్మ చేసిచ్చిన కేకు ఒక పక్క మాడింది. మాడిన ముక్క తను తిని, మంచి ముక్క మేదిని నోట్లో పెట్టింది. ఇక ఆ తరువాత నవ్వే నవ్వు. ఎందుకో కూడా తెలియదు. అస్థిపంజరానికి కేకు పూసి, దానికి లెక్కల మాస్టారి పేరు పెట్టి, పొట్టలు పట్టుకుని నేల మీద దొర్లారు. మేదిని అంత గట్టిగా నవ్వగలదని మేదినికే తెలియదు.

కళ్ళు తెరిచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. ఎదురుగా తల్లి.

"ఎవరు తియ్యమన్నారే?" ఉమాభారతి మొహం కందగడ్డలా ఉంది. "పదకొండు రోజులు. పదకొండంటే పదకొండు రోజులు ఆగలేకపోయావా? ఇప్పుడు నీ తలకి ఒక్క థీరమ్ ఎక్కుద్దా? సుభానీ గారూ, మీకు బుద్ధి లేదా?"

"కాగితంలో ఉంది మేడమ్" అన్నాడు సుభానీ.

మేదిని లేచి నిలబడింది. "ఒక్క మాట అడుగుతా. ఈ మిషను సంతోషాన్నే తియ్యగలదా? బాధని తియ్యలేదా?"

ఉమాభారతి తల పక్కకి తిప్పుకుంది.

"నిన్నే అడిగేది అమ్మా."

"తియ్యగలదు."

"మరి నాకెందుకు తియ్యలా?"

"బాధ కూడా తీసేస్తే ఇంక దేంతో చదువుతావే?" ఆవిడ గొంతు పైకి లేచింది. "నీకేం తెలుసు? పదో తరగతిలో నాకు జిల్లా రెండో ర్యాంకు వస్తే మా నాన్న నాతో నెల రోజులు మాట్లాడలా. అన్నం పెడితే తినేవాడు, నా మొహం చూసేవాడు కాదు. ఆ నెలే నన్ను ఇక్కడ కూర్చోబెట్టింది. ఇయ్యాళ ఇంత ల్యాబు నా చేతి కింద నడుస్తుందంటే ఆ నెల పుణ్యమే. సంతోషం మనిషిని కూలేస్తుంది. కసి నిలబెడుద్ది. నేను నీకు మంచే చేశా."

"నేను దాన్ని నలభై ఏడు సార్లు రాసుకున్నా. సగం సగం రాసుకున్నా. కేకు నువ్వు తీసేశావు, గడియ నాకు మిగిల్చావు."

"డిగ్రీ అయ్యాక..."

"ఇయ్యాళ పొద్దున దాని పుస్తకంలో నేను ఏం రాశానో తెలుసా నీకు?"

తెలియదు. తెలుసుకోవాలని ఆవిడ అడగనూ లేదు. గడియారం వైపు చూసి, ఆరింటి క్లాసుకి టైమైందని, వెళ్ళమని చెప్పింది. ఆ క్షణంలో మేదినికి తల్లిని చూస్తే నిజంగానే అసహ్యం వేసింది. దాచుకోవలసిన పని కూడా కనిపించలేదు. జాడీ వైపు వేలు చూపించి, "రేపట్నుంచి నా తలకి అది పెట్టడానికి వీల్లేదు" అని చెప్పి బయటికి నడిచింది.

గురువారం కెజియా బడికి రాలేదు. శుక్రవారం ఫేర్‌వెల్‌కి ఆడపిల్లలంతా అమ్మల చీరలు కట్టుకొచ్చారు. కుచ్చిళ్ళు జారిపోతుంటే పిన్నీసులు అడుక్కుంటూ, ఒకళ్ళ కొంగు ఒకళ్ళు తొక్కుకుంటూ వరండా అంతా గోలగోలగా ఉంది. మేదిని ఒక్కతే యూనిఫాంలో వచ్చింది. చీర కట్టుకుని వెళ్ళాలని ఎవరూ చెప్పలేదో, చెప్పింది జాడీలోకి పోయిందో ఆమెకు తెలియదు.

కెజియా ఆకుపచ్చ చీరలో కుళాయి దగ్గర నిలబడి ఉంది. మేదినిని చూసి మొహం తిప్పుకుంది. మేదిని దారికడ్డంగా వెళ్ళి, ఎవరికీ చెప్పకూడదని సంతకం పెట్టిన సంగతంతా గబగబా చెప్పేసింది. పట్టీ, జాడీ, నాలుగొందల నలభై గంటలు, అస్థిపంజరానికి పూసిన కేకు, అన్నీ. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. చుట్టుపక్కల పిల్లలు చూస్తున్నారు. చూస్తే చూడనీ అనుకుంది.

కెజియా చివరిదాకా విన్నది. నమ్మింది కూడా. ప్రతి పొద్దునా తనను పాములా చూసిన ఆ కళ్ళకి ఇన్నాళ్ళకు అర్థం దొరికింది. ఆమె మొహం ఒక్కసారి మెత్తబడింది. మేదిని చెయ్యి పట్టుకోబోయి, ఆగిపోయింది.

"మా అమ్మ చదివిందే నువ్వు రాసింది" అంది. "నీ కోసం కేకు చేసిచ్చిన మా అమ్మ. ఇట్టాంటి పిల్ల కోసమా రెండేళ్ళు ప్రార్థన చేయించావు అని అడిగింది. నేను నిన్న బడికి ఎందుకు రాలేదనుకున్నావు?"

"అది నేను రాసింది కాదు. నాకు గుర్తుంటే..."

"నీ తప్పు కాదు. తెలుస్తానే ఉంది. అయినా ఇక్కడ నొప్పిగానే ఉంది, ఏం చెయ్యను?" కెజియా గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. "నీకు నాలుగొందల గంటలు ఉన్నయ్. తీరుబడిగా కూర్చుని నవ్వుకో. నాకు నువ్విచ్చింది మూడు లైన్లు. అది తీసెయ్యడానికి నాకు పట్టీ లేదు మేదినీ."

లోపల ఎవరో మైకు సరిచేస్తున్నారు. గ్రూప్ ఫోటోకి రమ్మని టీచరు కేకేసింది. కెజియా కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వెళ్ళిపోయింది. ఫోటోలో మేదిని చివరి వరుసలో, ఆడపిల్లలంతా చీరల్లో ఉంటే తెల్ల చొక్కాతో, కళ్ళు మూసుకుని పడింది.

ఆ సాయంత్రం ఆమె ల్యాబుకి వెళ్ళాలనుకోలేదు. నల్ల పుస్తకం అక్కడ మరిచిపోయింది గనుక వెళ్ళింది. సుభానీ లేడు. ఉమాభారతి ఒక్కతే తెర ముందు కూర్చుని ఉంది. అలికిడికి తిరిగి చూసింది. ఆవిడ కళ్ళు ఉబ్బి ఉండటం మేదిని ఇదివరకు చూసిన గుర్తు లేదు. చూసి ఉంటే అది మిగలాలి. బాధలన్నీ మిగిలాయిగా.

"నా పేరు మీద ఏడు గంటలే ఉన్నయ్" అంది ఉమాభారతి. "రెండేళ్ళకి ఏడు గంటలు."

మేదిని నల్ల పుస్తకం ఎక్కడుందా అని గదంతా చూసింది.

"ఇదిగో చూడు, ఈ ఆదివారం. కరెంటు పోయింది. పెద్ద వాన. మిరపకాయ బజ్జీలు వేశా. నువ్వు పొయ్యి గట్టు మీద కూర్చుని, వేసినవి వేసినట్టు లాగించేశావు. నాకొక్కటి కూడా మిగల్చలా. ఇంకోటి, నీకు నేను తల అంటినరోజు. సబ్బు కళ్ళలో పడిందని నన్ను నిలువునా తడిపేశావు. అవి నాకు గుర్తున్నయ్ నాన్నా. నీ దగ్గర లేవని నాకిప్పటిదాకా తట్టలా. ఆ తరువాత నువ్వు మూతి ముడుచుకుని కూర్చుంటే చదువు ధ్యాసలో ఉందిలే అనుకున్నా." ఆవిడ జాడీని రెండు చేతులతో కూతురి వైపు జరిపింది. "నీ దగ్గర నావి ఏం మిగిలినయ్యో నాకు తెలుసు. తిట్లు, మార్కులు, కసి. ముందు ఈ ఏడు గంటలు ఎక్కించుకోవే. ఏడే గంటలు. పరీక్ష సంగతి తరువాత చూద్దాం. నన్ను అట్టా చూడమాక."

బల్ల మీద పట్టీ సిద్ధంగా ఉంది. మేదిని వేలు పెడితే చాలు, మూత తెరుచుకుంటుంది. బజ్జీల వాసన తగులుతుంది. ఎదురుగా కూర్చున్న ఈ ఆడమనిషి అమ్మ అవుతుంది. ఆ సంగతి మేదినికి బాగా తెలుసు. తెలిసే చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"పరీక్షకి తొమ్మిది రోజులే ఉందమ్మా" అంది. గొంతులో కోపం కూడా లేదు. "డిగ్రీ అయ్యాక చూద్దాంలే. మొత్తం ఒకేసారి."

అది ఉమాభారతి మాటే.

మేదిని నల్ల పుస్తకం తీసుకుని కిటికీ పక్క బెంచీ మీద కూర్చుంది. కెజియా పేరున్న పేజీలన్నీ అడ్డంగా కొట్టేసింది. నలభై ఏడూ కొట్టేయడానికి చాలాసేపే పట్టింది. తరువాత కొత్త పేజీ తిప్పి, పైన 'అమ్మ' అని రాసింది. ఒకటో నంబరు వేసి, తేదీ వేసి, రాయవలసింది రాసి, కింద స్కేలు పెట్టి గీత గీసింది. దాన్ని ఒకసారి చదువుకుని, లెక్కల పుస్తకం తెరిచింది.

చదువు బ్రహ్మాండంగా ఎక్కింది.